నేను గీసిన మబ్బు

నీలం రంగు పెన్సిల్ చెక్కిన వాసన తగిలితే చాలు, జర్మనీలోని బ్రెమెన్‌లో మా వంటింటి బల్ల దగ్గరికి వెళ్ళిపోతాను.

అవి కరోనా రోజులు. నాకు తొమ్మిదేళ్లు. మా క్లాసులో పిల్లలందరం జపాన్‌లో యానిమే బొమ్మల సినిమాలు తీసే ఒక డైరెక్టర్ అంటే పడి చచ్చేవాళ్ళం. ఆయన కొత్త సినిమా వాయిదా పడిందని నాన్న చెప్పగానే నాకు అంతా అర్థమైపోయింది. పాపం, లాక్‌డౌన్‌లో ఒక్కడే కూర్చుని బొమ్మలన్నీ గీసుకుంటున్నాడు!

"మనం సాయం చేద్దాం నాన్నా!" అని అప్పటికప్పుడు ఇంత లావు మబ్బు గీసేశాను. నాన్న నవ్వలేదు. దాన్ని ఫోటో తీసి, స్టూడియోకి మెయిల్ చేసి, "పంపించేశా తల్లీ" అన్నాడు.

థియేటర్లు తెరవగానే మాస్కులు పెట్టుకుని పరిగెత్తాం. తెర మీద ఆకాశం కనపడిందో లేదో, "నాన్నా, అదే! నా మబ్బే!" అని కుర్చీ ఎక్కి అరిచాను. ముందు వరసలోని జర్మన్ ముసలావిడ కసురుదామని వెనక్కి తిరిగింది. నాన్న ఆవిడ వైపు వంగి, జర్మన్‌లో, "ఆ మబ్బు మా అమ్మాయే గీసిందండీ" అన్నాడు.

సినిమా ఎప్పుడో పూర్తయిందనీ, ఆగింది థియేటర్లు మూతపడినందుకేననీ పెద్దయ్యాక తెలిసింది. నాన్నకి ఆ రోజే తెలుసు. అయినా ఆవిడతో ఎంత గర్వంగా చెప్పాడో!