బోనులో మిగిలిన లాభం

కల్లూరు కాలేజీలో మా సుజనంత మొండి మనిషిని నేను చూడలేదు. నాది కెమిస్ట్రీ, ఆమెది ఫిజిక్స్. ఇద్దరికీ ఒకటే గది. ఆదోని పక్క పల్లె నుంచి వచ్చి, పాఠాలు చెప్పుకుంటూనే ఆరేళ్లుగా పీహెచ్‌డీ చేస్తోంది. ప్రతికణాలను, అంటే మామూలు పదార్థానికి తగిలితే నశించిపోయే యాంటీమేటర్ కణాలను, విద్యుత్తు, అయస్కాంతాల బోనులో పెట్టి, తలుపులా అడ్డున్న వోల్టేజీని మెల్లగా తగ్గించి, పుంజంగా బయటికి తీయడం ఆమె పని. అంతా కంప్యూటర్లోనే లెండి. గోడకు తగిలితే చాలు, అవి క్షణంలో మాయం.

శుక్రవారం ఐదుకల్లా థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. బుధవారం నాటికి ఒకటే చిక్కు: వెయ్యి కణాలు వదిలితే తొమ్మిది వందల తొంభై తొమ్మిదే బయటికొస్తున్నాయి. మిగిలినది గోడకూ తగలదు. అడ్డు పూర్తిగా తీసేసినా బోను నడుమ అట్లే తిరుగుతూ ఉంటుంది. ఎన్నిసార్లు నడిపినా అదే, మొదటి కణమే.

"వెయ్యని రాసి పారెయ్ తల్లీ, ఎవరు చూడొచ్చినారు?" అని కసిరాను.

"నేను చూసినాను కదక్కా," అంది.

ఆ మధ్యాహ్నం కంటి ఆసుపత్రి పని మీద వాళ్ల నాయన బసవన్న వచ్చాడు. కల్లాల్లో జొన్నలు కొలిచే మనిషి. తెర మీద ఆ చుక్కను చూసి, "దీని పేరేమిమ్మా?" అన్నాడు.

"లాభం," అంది సుజన సిగ్గుపడుతూ.

గింజలు కొలిచేటప్పుడు ఒకటి అనరు. లాభం, రెండు, మూడు అంటారు. నాయన పక్కన కూర్చుని నేర్చుకున్న లెక్క అట్లే ప్రోగ్రాంలోకి వచ్చేసింది.

"ఇంగెట్ల పోతాది? లాభాన్ని ఎవురన్నా బయటికి పొమ్మంటారా?" అన్నాడాయన, నవ్వకుండా.

నాకు ఒళ్లు మండింది. "పేరుకేం తెలుసు పెద్దాయనా!" అని, దాన్ని చెరిపేసి నేనే 'ఒకటి' అని కొట్టాను. వెయ్యీ వచ్చేశాయి. మళ్లీ ఆ పేరు పెట్టాం. ఒకటి ఉండిపోయింది. ప్రోగ్రామంతా వరుస వరుస వెతికినా ఆ పేరుతో పనిపడే చోటు ఒక్కటీ కనిపించలేదు. గదిలో ఉన్నది ముగ్గురమే, నాకు మాత్రం నలుగురున్నట్టు అనిపించింది.

సుజన ఉన్నదున్నట్టు రాసింది: ఒకటి రాలేదు, కారణం తెలియదు. ఆ వాక్యం తీసేస్తేనే సంతకం పెడతానన్నాడు గైడు. తీయలేదు. శుక్రవారం ఐదయింది. బల్ల మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. తెర మీద లాభం ఇంకా తిరుగుతూనే ఉంది.

"పద, కంప్యూటర్ ఆపేసి ఇంటికి పోదాం," అంటూ స్విచ్ మీద చెయ్యి పెట్టాను.

నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "వద్దక్కా! ఆపితే అది యాడికి పోతాది?"

నేను చెయ్యి తీసేశాను.