మూల కత్తిరించని పట్టీ

2022 వానాకాలం. పటాన్‌చెరు దాటి సంగారెడ్డి వైపు వెళ్లే దారిలో ఉన్న ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీలో నేను అనాటమీ అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. పాపకు అప్పుడు పద్నాలుగు నెలలు. దాన్ని కాలేజీ గేటు ఎదురుగా ఉన్న క్రెష్‌లో దింపి, రోడ్డు దాటేలోపు రెండుసార్లు వెనక్కి చూసి, తొమ్మిదింటికి క్లాసులో ఉండేదాన్ని.

అనాటమీ అనగానే అందరూ శవాల గదే అనుకుంటారు. మా ఉద్యోగంలో సగం నిజంగా అదే. మొదటి సంవత్సరం పిల్లల చేతికి ఎముకలిచ్చి, శరీరం లోపలి దారులు చూపించడం. నా మిగతా సగం మేడమీద చిన్న ల్యాబులో, సెల్ సిగ్నలింగ్ మీద. కణం తలుపు బయట ఎవరో తడితే ఆ చప్పుడు లోపలి గదిదాకా ఎలా చేరుతుందో చూడడమే ఆ పని. నేను చూస్తున్నది ఎముకను కట్టే కణాలను. నొప్పి తగ్గించే ఒక మందు మోతాదు పెంచుకుంటూ పోతే, ఆ కణాల్లో కబురు మోసే ఈఆర్‌కే అనే ప్రోటీన్ చురుకు పెరుగుతుందా, తగ్గుతుందా? ఇదీ నా ప్రశ్న.

దీన్ని తేల్చే పద్ధతి పేరు వెస్టర్న్ బ్లాట్. కణాల్లోని ప్రోటీన్లను జెల్ అనే మెత్తని పలకలో కరెంటు సాయంతో బరువు ప్రకారం విడదీసి, మెంబ్రేన్ అనే తెల్లని కాగితంలాంటి దాని మీదికి ఎక్కిస్తాం. దాన్ని యాంటీబాడీలో నానబెడితే మనం వెతికే ప్రోటీన్ ఉన్నచోట గీత కనబడుతుంది. ఈఆర్‌కేకి రెండు గీతలు వస్తాయి. మా కణాల్లో పైది సన్నగా, కిందిది లావుగా ఉంటుంది. యాంటీబాడీ ఖరీదైనది కాబట్టి మెంబ్రేన్ మొత్తాన్ని తడపం, కావలసిన మేరకు పట్టీలా కత్తిరిస్తాం. అంచున బరువులు చూపించే రంగు గుర్తులు ఆ కత్తిరింపులోనే పోతాయి. ఆ తర్వాత పట్టీకి తల ఏదో కాళ్లు ఏవో తెలియదు. అందుకే అన్నిటికంటే ముందు, పట్టీగా రాబోయే ముక్కకు కుడివైపు పై మూలను కత్తెరతో కొంచెం తీసేస్తాం. ప్రతి ల్యాబులోనూ ఇదే ఆచారం.

ఆ రోజు కత్తెర నా చేతిలో ఉండగా ఫోన్ మోగింది. క్రెష్ ఆయమ్మ. "మేడం, పాపకు ఒళ్లు కాలుతున్నది, జల్దీ రండి." కత్తెర బల్ల మీద పెట్టి పరుగెత్తాను. పాపకు మందు పట్టించి, అమ్మను పిలిపించి, గంటన్నర తర్వాత తిరిగొచ్చి పట్టీ కోసి యాంటీబాడీలో వేశాను. మూల కత్తిరించానా లేదా అని ఆలోచించలేదు. గీజరు ఆపానా, తాళం వేశానా అని రోజుకు పదిసార్లు అనుకునేదాన్ని, దీన్ని మాత్రం ఒక్కసారీ అనుకోలేదు.

ఫలితం అందంగా వచ్చింది. ఎడమ నుంచి కుడికి మందు పెరిగేకొద్దీ గీతలు మెట్లు దిగినట్టు పలచబడ్డాయి. తర్వాత రెండుసార్లు చేస్తే గీతలు మసకగా వచ్చాయి. వాటిలోనూ అదే ధోరణి ఉందని చదువుకున్నాం. కళ్లు కోరుకున్నదే చూస్తాయి. పేపరు రాశాం, పత్రిక ఒప్పుకుంది. ఆ పేపరుతో నా పేరు అసోసియేట్ ప్రొఫెసర్ జాబితాలోకి ఎక్కింది.

ఇక్కడ శ్రావణి గురించి చెప్పాలి. కంది దగ్గరి రైతుల ఇంటి పిల్ల, ఫస్టియర్. ఒక వైవాలో, అంటే నోటి పరీక్షలో, నేనిచ్చిన ఫిబ్యులాను తలకిందులుగా పట్టుకుంది. మోకాలి కింద బయటివైపు ఉండే సన్నని ఎముక అది. రెండు కొనలూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. "తల ఏదో చూసుకోనిదే కుడి ఎడమలు ఎలా చెప్తావు? కూర్చో" అన్నాను అందరి ముందూ. ఆ రోజు నుంచి ఫిబ్యులా అన్న పేరు దానికి అంటుకుపోయింది.

పేపరు అచ్చుకు వెళ్లబోతున్న వారం, పరిశోధన అంటే ఏమిటో పిల్లలకు రుచి చూపిద్దామని క్లాసులో నా బ్లాట్ బొమ్మలు రెండు తెర మీద వేశాను. ఒకటి పాత ప్రయోగానిది, ఒకటి ఈ పేపరుది. శ్రావణి లేచింది.

"మేడం, జెర డౌటు."

"అడుగు."

"ముందటి ఫొటోల సన్న గీత మీద ఉన్నది, లావు గీత కింద ఉన్నది. గీ ఫొటోల ఉల్టా ఉన్నది. మందు తోటి గిట్లయిందా?"

వెనక బెంచీ నుంచి ఎవడో, "మళ్ల ఫిబ్యులా పట్టుకున్నదిరా!" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు. "మంచి ప్రశ్న, రేపు చెప్తాను" అన్నాను. జవాబు తెలిసిపోయినప్పుడు కూడా టీచర్లు ఆ మాట అంటారని ఆ రోజే తెలిసింది.

ల్యాబులో మా టెక్నీషియన్ అనసూయమ్మ ఉంది. ఇంద్రేశం మనిషి, ఇక్కడ కాంట్రాక్టు మీద పనిచేస్తుంది. పాత పట్టీలు దాచే ఫైలు తీయించాను. అన్నిటికీ మూల తెగి ఉంది, ఒక్కదానికి తప్ప.

ఆమె ముఖం పాలిపోయింది. "ఆ దినం జెల్ నేనే పోసిన మేడం. గని కత్తెర మీ చేతులనే ఉండె. పాపకు పానం బాగలేదని ఉరికిన్రు."

"నాకు యాదికుంది అనసూయమ్మా. నీ మీదికి రాదు."

"అందరు గట్లనే అంటరు" అంది, ఫైలు మూస్తూ.

పట్టీ తలకిందులైతే గీతల వరుస కూడా ఎదురు తిరుగుతుంది. మందు లేని కణాలనుకున్నవి ఎక్కువ మందు పోసినవి. ఆ వారంలోనే మూల కత్తిరించి మూడుసార్లు మళ్లీ చేశాం. మూడుసార్లూ గీతలు మెట్లు ఎక్కాయి. మేం లోకానికి చెప్పబోతున్నది సరిగ్గా వ్యతిరేకం.

మా హెచ్‌ఓడీ సార్ దగ్గరికి రెండు బొమ్మలూ పట్టుకెళ్లాను. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ ఇరవై ఏళ్లుగా ఉన్నారు. పాఠం చెప్తే మళ్లీ వినాలనిపించే మాస్టారు. చాలాసేపు చూశారు.

"గీతల లావు ఎవరు చూస్తారమ్మా? ఎందుకండీ ఈ గొడవ?"

"మన క్లాసులో పిల్ల చూసింది సర్."

"సరే, టెక్నీషియన్ పొరపాటని రాసి సవరణ పంపుదాం. కాంట్రాక్టు మనిషేగా."

"పొరపాటు నాది సర్. కత్తెర నా చేతిలో ఉంది. పాపకు జ్వరమని ఫోన్ వస్తే పరుగెత్తాను."

ఆయన కళ్లజోడు తీశారు. "చూడండమ్మా, మీ మంచికే చెప్తున్నా. మీరు ఒప్పుకుంటే ఏమంటారు? పసిపిల్ల తల్లి, ధ్యాసంతా ఇంటి దగ్గరే అంటారు. ప్రమోషన్ సంగతి తర్వాత, అసలు ల్యాబే మీ చేతిలో ఉండదు."

నేను గర్భవతినని చెప్పిన రోజు నుంచీ భయపడింది ఆ మాటకే. అది నిజమేనేమో అన్నది అంతకన్నా పెద్ద భయం. మర్నాడు పొద్దున పాపకు ఇడ్లీ తినిపిస్తూ మా ఆయనతో అంతా చెప్పాను. ఆయన ఇక్కడే ఒక మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తారు.

"మా ప్లాంట్‌ల తప్పయితే డీవియేషన్ రాస్తం" అన్నారు, అంటే జరిగిన తేడాను జరిగినట్టు కాగితం మీద పెట్టడం. "రాసినోని కొలువు పోదు. దాచినోనిదే పోతది."

"నాది ఫ్యాక్టరీ కాదు కదా."

"అయితే ఇంకా జల్దీ రాయి."

పేపరుకు కరస్పాండింగ్ ఆథర్‌ని, అంటే పత్రికకు జవాబుదారీని, నేనే. ఆ మధ్యాహ్నమే ఉత్తరం పంపాను. మెంబ్రేన్ మూల కత్తిరించడం నేను మరిచాను, పట్టీ తిరగబడింది, ఫలితం తప్పు, పేపరు వెనక్కి తీసుకుంటున్నాను. అనసూయమ్మ పేరు రాయలేదు. పాప జ్వరం సంగతీ రాయలేదు. నా తప్పుకు నా కూతుర్ని సాక్షిగా పిలవడం ఇష్టం లేకపోయింది.

పేపరు పోయింది. జాబితాలో నా పేరూ పోయింది. తర్వాతి ఫ్యాకల్టీ మీటింగులో, అందరి ముందూ, సార్ రెండు ప్రతిపాదనలు చదివారు. ల్యాబులో ఫోన్లు నిషేధం. చిన్నపిల్లలున్న అధ్యాపకురాళ్లకు రెండేళ్లపాటు పరిశోధన బాధ్యతలు వద్దు, క్లాసులు చాలు. "వాళ్ల సౌకర్యం కోసమే" అని చేర్చారు. ఆ గదిలో ఇంట్లో చిన్నపిల్ల ఉన్నదాన్ని నేనొక్కదాన్నే.

లేచి నిలబడ్డాను.

"సర్, తప్పు నాదే. ఉత్తరంలో రాశాను, ఇక్కడా చెప్తున్నాను. కానీ ఆ బొమ్మను మన డిపార్ట్‌మెంట్లో అందరూ చూశారు. పేపరు మీద ముగ్గురం సంతకాలు పెట్టాం. మిగతా ఎవరింట్లోనూ ఆ రోజు జ్వరం లేదు. మరి వాళ్లకెందుకు కనబడలేదు?"

ఎవరో దగ్గారు.

"ల్యాబు తాళం ఇమ్మంటే ఇస్తాను సర్. ఆర్డరు రాసివ్వండి. కారణం కూడా రాయండి. తల్లి కాబట్టి అని రాయండి."

"అంత దూరం ఎందుకమ్మా" అన్నారు సార్, కాగితాలు సర్దుకుంటూ.

ఆ ఆర్డరు ఈ రోజుకీ రాలేదు. ప్రమోషనూ ఆ ఏడాది రాలేదు, మరుసటి ఏడాదీ రాలేదు. తాళం నా దగ్గరే ఉంది. సరిచేసిన ఫలితంతో పేపరు మళ్లీ మొదటినుంచీ రాశాను. చిన్న పత్రికలో వచ్చింది. చివర కృతజ్ఞతల్లో శ్రావణి పేరు, రచయితల వరుసలో అనసూయమ్మ పేరు ఉన్నాయి. అనసూయమ్మ దాన్ని ప్రింటు తీయించుకుని, "ఇగ కాంట్రాక్టు మనిషి అనుడు బందు చేయాలె" అంది.

మీటింగు తర్వాతి క్లాసులో రెండు బొమ్మలూ పక్కపక్కన వేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. శ్రావణిని వైవాలో అలా కూర్చోబెట్టినందుకు అందరి ముందే తప్పు ఒప్పుకున్నాను. ఎముకైనా పట్టీయైనా తల ఏదో తేల్చుకోకుండా నోరు విప్పొద్దని పిల్లలకు చెప్పేదాన్ని. ఆ పాఠం చెప్పేవాళ్లకూ వర్తిస్తుందని, పట్టుబడ్డప్పుడు చేతిలోని ఎముకను వెంటనే తిప్పి పట్టుకోవాలే తప్ప పక్కవాళ్ల చేతిలో పెట్టకూడదని నాకు నేర్పింది ఆ పట్టీ. వెనక బెంచీ ఆ రోజు నవ్వలేదు. శ్రావణి మాత్రం, "మేడం, మీకు సప్లిమెంటరీ పెట్టాల్నా?" అంది.

ఇప్పుడు మా ల్యాబులో కత్తెరకు తాడు కట్టి బల్లకు వేలాడదీసింది అనసూయమ్మ. ఫోన్ మాత్రం ఆపను. మొన్న మెంబ్రేన్ బయటికి తీస్తుండగా మోగింది. పాప బడి నంబరు. కుడివైపు పై మూల కత్తిరించాను. తర్వాత ఫోన్ ఎత్తాను.