రాయదుర్గం బస్సులో అడిగిన మాట

ఆసియా దేశాల ఆచారవ్యవహారాల మీద కాలేజీల్లో ఉపన్యాసాలిస్తూ తిరిగే రోజులవి. రాయదుర్గంలో బస్సెక్కితే, జీన్స్ కుట్టే ఒకామె నా పక్కన కూర్చుంది. మరుసటి వారం కువైట్‌కు ఇంటిపనికి పోతోందట. నాకు అరబ్బీ కొంచెం వచ్చని తెలియగానే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అక్కా, నన్ను కొట్టాకండి అని ఆ భాషలో ఎట్ల చెప్పాల?"

"అందరూ అట్లా ఉండరమ్మా."

"మా వీధిలో ఒగామె పోయి వచ్చిండాది. ఇప్పటికీ ఎవురన్నా గట్టిగా పిలిస్తే మూలకు నక్కుతాది. చెప్పక్కా."

చెప్పాను. ఎండిపోయిన వేరుశనగ చేల మధ్య బస్సు పోతున్నంతసేపూ ఆమె మళ్లీ మళ్లీ ఆ మాటే అనుకుంటూ కూర్చుంది.

తర్వాత ఆమె ఏమైందో తెలియదు. నేను మాత్రం ఏ కొత్త దేశం వెళ్లినా, నమస్కారం కన్నా ముందు ఆ మాటే నేర్చుకుంటున్నాను.