మంచు తీసిన పులుపు

చిన్నప్పుడు మిరపకాయలు కోయడానికి వెళ్లానే గాని బడికి వెళ్లలేదు. అక్షరాలు నిరుడు మా గుడిలో పిల్లల పక్కన కూర్చుని నేర్చుకున్నాను కాబట్టి ఈ సంగతి రాయడానికి ఇంతకాలం పట్టింది. ఇప్పుడు రాయిస్తున్నది మాత్రం మొన్న మా ఆడపడుచు చేసిన ఫోను.

ఈ చలిదేశంలో గ్వెల్ఫ్ అనే ఊరికి వచ్చిన కొత్తలో నేనొక చైనా ముసలావిడ షెడ్డులో పనిచేశాను. ఆవిడ జొన్నలతో నల్లటి వినెగర్ చేసి, మట్టి జాడీల్లో పోసి, వేసవంతా ఎండలో ఉంచేది. చలికాలంలో పైన కట్టిన మంచుగడ్డను రోజూ తీసి పారేయించేది. గడ్డకట్టేది నీళ్లే, పులుపు అడుగున చిక్కబడుతుంది. ఒకరి భాష ఒకరికి రాదు గనక చెంచాతో నాలుక మీద వేసి నేర్పేది: కొత్తది ముక్కుకు గుచ్చుకునేది, ఏళ్లు నిలిచినది ముందు పుల్లగా, తర్వాత కాస్త తియ్యగా, చివరికి పొగ వాసనతో గొంతు దిగేది. షెడ్డు మూసేసిన రోజున పాత జాడీ ఒకటి నా చేతుల్లో పెట్టింది.

దాన్ని మా ఇంటి వెనక మెట్ల మీద ఉంచుకుని, ప్రాణంలా చూసుకున్నాను. ఒక చలికాలం నేను మోకాలి ఆపరేషన్‌కు ఆసుపత్రిలో ఉండగా, ఇల్లు చూసుకోవడానికి వచ్చిన ఆడపడుచు పైనున్న మంచుగడ్డే అసలు సరుకనుకుని దాచి, కిందనున్న చిక్కటి వినెగరంతా సింకులో పోసేసింది. నేను కుంటుకుంటూ వచ్చేసరికి ఇంటినిండా చుట్టాలు.

“ఆ మురికినీళ్లు పారబోశాలే వదినా, క్లీన్‌గా ఉన్నది ఫ్రీజర్‌లో పెట్టా. చదువెలాగూ లేదు, శుభ్రమైనా నేర్చుకోవచ్చుగా!” అంది. అందరూ నవ్వారు, మా ఆయనతో సహా.

మళ్లీ జొన్నలు నానబెట్టి కొత్త జాడీ మొదలుపెట్టాను. ఏటేటా మంచు తీసినప్పుడల్లా, ఇందులో ఒక్క చుక్క కూడా మా ఆడపడుచు పరువు నిలపడానికి పనికిరాకూడదనుకునేదాన్ని.

మొన్న ఫోనులో, “వదినా, మా బాబు ఎంగేజ్‌మెంట్ లంచ్‌కి నీ బ్లాక్ వినెగర్ కావాలి. నేనే ఇన్నేళ్లూ నిలవబెట్టి ఏజ్ చేశానని కేంబ్రిడ్జ్‌లో పెళ్లికూతురి వాళ్లకి చెప్పేశా, ప్లీజ్” అంది. చూద్దాంలే అన్నాను.

ఇప్పుడు దుకాణాల్లో దొరికేదంతా స్టీలు ట్యాంకుల్లో వేడిచేసి వారాల్లో తయారుచేసినదే. నాలుక మీద చురుక్కుమని, అంతలోనే మాయమవుతుంది. ఆ ముసలావిడ లేదు. జాడీని ఎండకూ చలికీ అప్పగించి ఏళ్లు ఎదురుచూసే ఓపిక మా తర్వాతివాళ్లలో ఎవరికీ కనబడదు. అది తలచుకుంటే దిగులే గాని, నా కోపం మాత్రం చల్లారలేదు.

ఫోను వచ్చిన మర్నాడు పొద్దున్నే జాడీ వంచి సీసాలు నింపుకుని, ట్యాక్సీలో మా పక్క ఊరు కేంబ్రిడ్జ్ వెళ్లి, అవన్నీ పెళ్లికూతురి తల్లికిచ్చి, ఎవరు చేశారో, ఎవరు పారబోశారో మొదటినుంచీ చెప్పాను. ఆవిడ నాకు దోసె వేసి పెట్టింది. నేను రెండోదీ వద్దనలేదు.