నేను బిగించలేదుగా

మా బావ ఇంకొకరు బిగించిన నట్టును చూస్తూ ఊరుకోలేడు. అది ఎంత గట్టిగా ఉన్నా సరే, ముందు విప్పుతాడు, తరవాత బిగిస్తాడు. అప్పటికి గానీ ఆయన ప్రాణం కుదుటపడదు. విప్పే ముందు ఎదుటివాళ్ల మనసు నొప్పించకుండా ఒక మాట అంటాడు. "బాగానే బిగించారు. కానీ నేను బిగించలేదుగా." మాట పూర్తయ్యేసరికి స్పానరు నట్టు మీద ఉంటుంది.

ఇది మా కార్ల షెడ్డు వరకే అయితే పనిలో పట్టుదల అనుకుని సరిపెట్టుకునేవాళ్లం. ఆయన జేబులో చిన్న స్పానరు లేకుండా వీధిలోకి అడుగు పెట్టడు. ఒకసారి సెలూన్‌లో తన వంతు వచ్చేలోగా కుర్చీ కింద దూరి నట్లన్నీ విప్పి బిగించాడు. ఎప్పటి నుంచో ఊగుతున్న కుర్చీ ఊగడం మానేసింది. సెలూన్ అతను మెచ్చుకోకపోగా మా నాన్న దగ్గరికి వచ్చి గోల పెట్టాడు. కుర్చీ ఊగుతున్నంత కాలం జనం పడిపోతామేమోనని కదలకుండా కూర్చునేవారట. ఇప్పుడు హాయిగా నిద్రపోయి కత్తెర మీదికి తల వాలుస్తున్నారట.

ఆసుపత్రిలోనూ అంతే. డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి గట్టిగా ఊపిరి పీల్చమన్నాడు. బావ పీల్చాడు, కానీ చెయ్యి మాత్రం పరీక్ష బల్ల కిందికి పోయింది.

"ఊపిరి పీల్చమన్నాను గానీ బల్ల రిపేరు చెయ్యమనలేదు," అన్నాడు డాక్టరు.

"నా తరవాత వచ్చేవాడు కాస్త లావుగా ఉంటే ఏం చేస్తారు?" అన్నాడు బావ.

డాక్టరు గుమ్మం వైపు చూశాడు. తరవాతి పేషెంటు నిజంగానే లావుగా ఉన్నాడు. మిగతా మూడు కాళ్లూ కూడా చూడమన్నాడు.

మా అక్క కష్టం వేరు. ఆవిడ వంటింట్లో డబ్బాకి మూత పెట్టి అటు తిరిగేలోగా బావ ఆ మూత తీసి మళ్లీ బిగిస్తాడు. ఇక అది మనుషుల వల్ల రాదు. పంచదార కావాలంటే అక్క డబ్బాని చంకలో పెట్టుకుని షెడ్డుకి రావాలి. దాన్ని బల్ల మీది వైసులో ఇరికించి నేను తిప్పితే మూత వస్తుంది. "పెళ్లైన కొత్తలో ఈయన ఇలా లేడురా," అని నిట్టూర్చి అక్క వెళ్లిపోతుంది.

అది నిజమే. ఈ జబ్బు ఆయనకి పుట్టుకతో వచ్చింది కాదు. కొన్నేళ్ల కిందట నాన్న మెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. కట్టు విప్పేదాకా షెడ్డు పెత్తనం బావ చేతికి వచ్చింది. నాన్న మళ్లీ పనిలోకి వచ్చాడు గానీ బావ మాత్రం అప్పటి నుంచీ ఇలా తయారయ్యాడు. పెత్తనం రుచి మరిగి ఒకరి పని ఓర్వలేకపోతున్నాడని నేను తేల్చేశాను. ఓర్వలేనితనం గురించి నేను తేలిగ్గానే తేల్చగలను. అది నాకూ దండిగా ఉంది.

నేనూ బావా ఒకే షెడ్డులో పని నేర్చుకున్నాం. నాకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. చూసి, పాడు చేసి, తిట్లు తిని, మళ్లీ చేసి నేర్చుకున్నాను. ఇంజను విప్పి పరిచానంటే ఏ ముక్క ఎక్కడిదో కళ్లు మూసుకుని చెబుతాను. అయినా ఏం లాభం. మోచేతుల దాకా గ్రీజు పూసుకుని రోజంతా నేను పని చేస్తే, సాయంత్రం బావ తీరిగ్గా వచ్చి, తన మాట తను అనేసి, నట్లు విప్పి బిగించి వెళతాడు. మర్నాడు బండివాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న, "మీ బావ చూశాడా?" వంటంతా నేను వండి, పేరు ఉప్పు చూసినవాడికి వచ్చినట్టు ఉంటుంది. నా కడుపులో పడే మంటతో వెల్డింగ్ చెయ్యొచ్చు.

నావి విప్పితే విప్పాడు, నాన్నవి కూడా విప్పేవాడు. అదీ ఆయన ఎదుటే. మా చేతికి మొదట స్పానరు ఇచ్చిన మనిషి బిగించిన నట్టును అల్లుడు విప్పుతుంటే నాకు ఒళ్లు మండేది. నాన్నకి మాత్రం చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు. "ఆ కుళ్లుబోతు ఆసుపత్రి బల్లనే వదల్లేదు, నన్ను వదులుతాడా," అని నవ్వి బీడీ ముట్టించుకునేవాడు.

అలా ఉండగా లెక్కల టీచరమ్మ కారు వచ్చింది. ఆవిడ రిటైరై చాలా కాలమైంది. కారు ఆవిడకన్నా ముందే రిటైరవ్వాల్సింది. గుండ్రటి ముక్కు, గుడ్లప్పగించి చూస్తున్నట్టుండే దీపాలు. నాన్న సొంతంగా షెడ్డు తెరిచినప్పుడు మొదట చేసిన బండి అదే. ముందు భాగం మొత్తం పోయింది. గుంతలో పడితే లోపల ఇత్తడి సామాన్లు దొర్లినట్టు చప్పుడు, బ్రేకు తొక్కితే ఆలోచించి ఆగడం. ముందు బ్రేకులు, సస్పెన్షను పూర్తిగా విప్పి కొత్తగా కట్టాలి.

అప్పటికే అక్క నాన్నని పని మానెయ్యమని పోరుతోంది. నాన్న ఆ రోజు అందరినీ నిలబెట్టి చెప్పాడు. "ఈ కారు బ్రేకులు నేనే కడతాను. ఇందులో తేడా వచ్చిందంటే పనిముట్ల పెట్టెకి తాళం వేసి ఇంట్లో కూర్చుంటాను. అల్లుడు మాత్రం దీని దరిదాపుల్లోకి రావడానికి వీల్లేదు. ఇది నా చేతి పని అని నాకు తెలియాలి."

కారును పక్క గదిలో పెట్టాం. స్ప్రింగులు, చక్రాన్ని పట్టి ఉంచే ఇనప చేతులు, బుష్‌లు నా వంతు. తాళం చెవి నా బెల్టుకి. కాపలా కూడా నాదే. నా జీవితంలో ఇంత ఇష్టంగా చేసిన ఉద్యోగం ఇంకోటి లేదు.

పాత బుష్‌ల రబ్బరు వేలితో నొక్కితే ఎండిన రొట్టెలా రాలింది. స్ప్రింగును అదిమి కట్టి బయటికి తీయడం పామును బుట్టలో పెట్టడం లాంటి పని, ఒక్క క్షణం ఏమరినా ముఖం ఉండదు. నేను దానితో తంటాలు పడుతుంటే నాన్న బల్ల దగ్గర నిలబడి బ్రేకు షూలకి కొత్త లైనర్లు వేసి, సిలిండర్లు కడిగి, ఒక్కొక్క ముక్కనీ వెలుతురులో తిప్పి చూసుకుంటూ కూర్చాడు. ఆయన చేతులు నెమ్మదించాయి గానీ ఆ తీరు చూస్తుంటే నా పని ఆగిపోయేది.

బావ పరిస్థితి చూడలేకపోయాం. గది బయట పచార్లు చేసేవాడు. కిటికీ ఊచల్లోంచి తొంగి చూసి, కింది చేతి నట్టు ఎంత బిగించానని అడిగేవాడు. కావలసినంత అనేవాణ్ణి. టీ పట్టుకుని వచ్చి లోపల పెడతానంటే గ్లాసు గుమ్మంలోనే అందుకున్నాను. ఆఖరికి అక్కను పంపాడు. "ఒక్క నట్టు ముట్టుకోనివ్వరా, రాత్రి నిద్రలో మంచం కోడు తిప్పుతున్నాడు," అంది అక్క. నేను కరగలేదు. పని పూర్తయ్యాక వచ్చిన సెలవు రోజున ఉండబట్టలేక పొద్దున్నే, నేనూ నా భార్యా వేరుగా ఉంటున్న ఇంటికి వచ్చి, చీకటి పడేదాకా మా మంచాలు, కుర్చీలు, తలుపు బందులు అన్నీ విప్పి బిగించి వెళ్లాడు. నా భార్య రెండు పూటలా అన్నం పెట్టింది.

మర్నాడు టీచరమ్మ వచ్చింది. స్టీరింగు దగ్గర ఆవిడ, పక్కన నాన్న. గదిలోంచి కారు వెనక్కి రావాలి. వచ్చింది. ఆవిడ బ్రేకు తొక్కింది. కారు నేలకి మేకు కొట్టినట్టు ఆగింది. నాన్న తల వెనక సీటుకి కొట్టుకుని కళ్లజోడు ఒళ్లో పడింది. ఆయన దాన్ని పెట్టుకుంటూ కిటికీలోంచి బావ వైపు ఒక చూపు చూశాడు. నేను అంతకన్నా పెద్ద చూపు చూశాను.

తరవాత కారు ముందుకి కదిలింది. వీధి చివరిదాకా వెళ్లి తిరిగి వచ్చింది. షెడ్డు ముందు ఆగాల్సింది, ఆగలేదు. మర్యాదగా, నెమ్మదిగా మా ముందు నుంచి వెళ్లిపోయింది. టీచరమ్మ రెండు కాళ్లతో బ్రేకు తొక్కుతోంది. నాన్న చేతిబ్రేకు లాగాడు. పక్కనున్న దర్జీ కొట్టు మెట్టు దగ్గరికి వెళ్లి ఆగింది. దర్జీ అప్పటికే మిషను వదిలేసి వెనక గోడకి అంటుకుని ఉన్నాడు.

టీచరమ్మ దిగి చీర సర్దుకుంది. "మేస్త్రి గారూ, ఇక మీదట నేను ఎక్కడికైనా వెనక్కే వెళ్లాలా?"

నాన్న చక్రం దగ్గర కూర్చుని చేత్తో తడిమాడు. లేచి రెండో వైపు వెళ్లి చూశాడు. "పళ్లాలు మారాయి," అన్నాడు మెల్లగా.

ఆ కారు ముందు చక్రాల వెనక ఇనప పళ్లాలు ఉంటాయి. బ్రేకు సరంజామా అంతా వాటి మీదే. చక్రం ముందుకి తిరుగుతున్నప్పుడు ఆ ఊపుకే షూలు ఇంకా గట్టిగా ఒత్తుకునేలా వాటిని అమర్చారు. అందుకే ఎడమది ఎడమకే, కుడిది కుడికే వెయ్యాలి. చూడటానికి రెండూ కవల పిల్లలు. అటుదిటు వేసినా బోల్టు అభ్యంతరం చెప్పదు. కారు మాత్రం వెనక్కి పోతున్నప్పుడు బ్రహ్మాండంగా ఆగుతుంది, ముందుకి పోతున్నప్పుడు బతిమాలించుకుంటుంది.

నాన్న గుడ్డతో చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. తుడుచుకుంటూనే ఉన్నాడు. చూపు పనిముట్ల పెట్టె వైపు పోయింది.

షెడ్డులో రిపేరుకి వచ్చిన వ్యాను కింద నుంచి బావ బయటికి పాకాడు. "మావయ్యా, తిట్టనంటే ఒక మాట చెబుతాను."

"ఏంటి?"

"నిన్న సెలవు కదా. నేను వచ్చాను."

"తాళం వాడి దగ్గరుంది."

"కిటికీ ఊచలు విప్పి దిగాను. అవి బిగించింది నేనే కదా. చెయ్యి ఆగలేదు మావయ్యా, రెండు పళ్లాలూ ఊడదీసి మళ్లీ బిగించాను. అప్పుడే ఎడమదీ కుడిదీ మారి ఉంటాయి."

నిన్నంతా ఆయన మా ఇంట్లో మంచం కింద ఉన్నాడు. నేను నోరు తెరిచాను. బావ నా వైపు చూశాడు. నోరు మూసుకున్నాను.

నాన్న ముఖంలోకి రంగు ఎలా వచ్చిందంటే, ఇంధనం అయిపోయిన ఇంజనుకి ట్యాంకు నింపినట్టు వచ్చింది. తిట్లు అందుకున్నాడు. ఏమయ్యా అల్లుడూ, అన్నం ఏ చేత్తో తింటున్నావో తెలుసా, అన్నాడు. నీకు పిల్లనిచ్చే ముందు ఎడమా కుడీ అడగాల్సింది, అన్నాడు. టీచరమ్మ ఇవి ఒకటో తరగతిలోనే చెబుతామంది. దర్జీ కూడా గోడ వదిలి వచ్చి తన వంతు అన్నాడు. బావ అందరికీ తల ఊపాడు.

ఆ మధ్యాహ్నమంతా నాన్న స్టూలు మీద కూర్చుని బావ చేత పళ్లాలు మార్పించాడు. ఒకదాని మీద సుద్దతో 'ఎ' అనీ రెండోదాని మీద 'కు' అనీ రాసి, "చదవడం వచ్చా?" అని అడిగాడు. ఆయన అంత హుషారుగా ఉండగా చూసి చాలా కాలమైంది. తిట్లన్నీ బావకే పోతున్నాయి, నాకు ఒక్కటి కూడా రాలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, దానికి కూడా నాకు కుళ్లు పుట్టింది.

సాయంత్రానికి కారు ముందుకీ వెనక్కీ బుద్ధిగా ఆగింది. టీచరమ్మ తన చెల్లెలి కారు కూడా పంపుతానని, మేస్త్రి గారే చెయ్యాలని చెప్పి వెళ్లింది.

బావను పక్కకి లాగాను. "నిన్న నువ్వు మా ఇంట్లో ఉన్నావు."

"మీ మంచం నట్లు చాలా వదులయ్యాయి బామ్మర్దీ. పట్టించుకోవాలి," అని ఆయన వ్యాను కిందికి వెళ్లిపోయాడు.

తరవాత వారం షెడ్డుకి వచ్చిన ఇంకో కారు మీద నేనొక పని చేశాను. నేను బిగించిన నట్లకీ, నాన్న బిగించిన నట్లకీ, నట్టు మీదుగా కింది ఇనుము దాకా ఒక సన్నటి తెల్ల గీత గీశాను. బావ యథాప్రకారం వచ్చి, బాగానే బిగించారని మెచ్చుకుని, అన్నీ విప్పి బిగించి వెళ్లాడు. వెళ్లాక టార్చి వేసి చూశాను. నా నట్ల మీద గీత చెక్కు చెదరలేదు. ఎక్కడ ఉన్నది అక్కడికే వచ్చి కలిసింది. నాన్న నట్ల మీద ప్రతి గీతా తెగి, పై సగం బిగించే వైపు ఇంకా ముందుకి జరిగి ఉంది. చాలాసేపు ఆ కారు కిందే పడుకున్నాను. ఇన్నేళ్లుగా పక్కనే ఉండి ఇది నాకెందుకు తోచలేదా అని కొత్తగా ఇంకో కుళ్లు మొదలైంది.

బయటికి వచ్చేసరికి నాన్న కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"ఒరేయ్, మీ బావను కాస్త కనిపెట్టుకుని ఉండు. పళ్లాలు మార్చేశాడంటే చిన్న సంగతి కాదు. చూపు మందగించినట్టుంది. ఇకనుంచి వాడు బిగించినవి నువ్వు ఇంకోసారి చూడు. కానీ వాడికి తెలియనివ్వకు, చిన్నబుచ్చుకుంటాడు."

"తెలియకుండా ఎలా చూస్తాను నాన్నా?"

నాన్న కుళాయి కట్టేసి చేతులు విదిలించాడు.

"అందరివీ విప్పి బిగించు," అన్నాడు. "నీక్కూడా ఆ కుళ్లుబోతు జబ్బే పట్టుకుందనుకుంటాడు."