కొనందే చెవిన పెట్టడు

హుజూరాబాద్‌ మునీర్ సాబ్ కొనని పాట వినడు. బస్టాండు పక్కన క్యాసెట్ల దుకాణం నడిపిన మనిషి. దుకాణం పోయినా పట్టు పోలేదు. ఒకసారి పెద్దపల్లి బస్సులో, ఎవరో ఊరికే పంపిన పాట డ్రైవరు పెట్టాడని దారిలోనే దిగి నడిచాడు. బస్సుకంటే ముందే చేరాడని చెప్పుకుంటారు. అబద్ధమని రుజువు చేసినవాడు లేడు.

చిన్నకూతురు ముబీనా పెళ్లి కుదిరింది. "అబ్బాజాన్, నన్ను సాగనంపేటప్పుడు సంపత్ పాట పెట్టాలె" అంది. సంపత్ గోదావరిఖని బొగ్గుబాయిలో పనిచేస్తూ పాటలు కట్టి పాడే మనిషి. ఆ పాట అందరి ఫోన్లలో ఉచితంగానే మోగుతోంది.

"పెడత బిడ్డా. కొని పెడత."

ఆయన భార్య సలీమా నెత్తి పట్టుకుంది. "షురువైంది!"

ఫోన్‌లో ఒక దుకాణం నెలనెలా కట్టమంది. "కట్టుడు ఆపితే పాట గుంజుకుంటరట! ఇది కొనుడా, కిరాయా?" ఇంకోదాంట్లో ఊరికే వినొచ్చు, కానీ మధ్యలో ప్రకటనలు. "బిడ్డ ఏడ్చుకుంట కారెక్కుతుంటే నడుము నొప్పి మందు అమ్ముతరా?" మరొకటి పాటలు అమ్ముతుంది గానీ సంపత్ పేరే ఎరగదు.

చివరికి ఆ పాట కాలర్ ట్యూన్‌గా దొరికితే కొన్నాడు. తీరా చూస్తే అది ఫోన్ చేసినవాళ్లకే వినపడుతుంది, అదీ ముక్కే. అప్పటినుంచి ఆయన ఫోన్ ఎత్తడం మానేశాడు.

"అజీ, బిర్యానీ మాస్టర్ ఫయాజ్ పొద్దటిసంది ఫోన్ చేస్తుండు. ఎత్తరాదు?"

"పాట నడుస్తుంది. నడుమ ఎత్తుడు తమీజ్ కాదు."

"మాంసం ఎంతనో అడుగుతుండు!"

"ముందు విననియ్యి."

ఫయాజ్ ఇంటికే పరుగెత్తుకొచ్చాడు. "పాట మంచిగుంది చాచా. జర పొయ్యి ఎప్పుడు పెట్టాలెనో చెప్పు!"

పాట మాత్రం ఇంకా చేతికి రాలేదు. మునీర్ సాబ్ వీడియో కింద నంబరు చూసి సంపత్‌కే ఫోన్ చేశాడు.

"బేటా, నీ పాట కొంట."

"ఓటీపీ అడుగుతవా? పెట్టెయ్!"

మళ్లీ చేశాడు. సంపత్ మళ్లీ కట్ చేశాడు. ఇంకోసారి చేసి, అవతల నోరు తెరవకముందే అరిచాడు: "నేను దొంగను గాను, గిరాకిని!"

"ఉట్టిగ దొరుకుతది గద చాచా?"

"నువ్వు ఉట్టిగ పాడినవా?"

ఆ సాయంత్రమే డబ్బు అటు పోయింది, పాట ఇటు వచ్చింది. పెళ్లి పిలుపు కూడా అటే పోయింది.

పెళ్లినాడు ఆ పాట మోగుతుండగా ముబీనా ఏడ్చి, నవ్వి, కారెక్కింది. కారు కదలగానే సలీమా సంపత్‌ను పట్టుకుంది. "ఇగనన్న ఫోన్ ఎత్తుమని చెప్పు బేటా మీ చాచాకు."

"వద్దు చాచీ! ఎత్తకుండ పాట వినిపిస్తుండు, వెనకసిరి తనే ఫోన్ చేసి 'నచ్చిందా? కొను' అని నా నంబర్ ఇస్తుండు. ఫయాజ్ అన్న కొన్నడు, డేరాలాయన కొన్నడు. ఇగ పాడుడు బంద్ జేద్దామని నా మైకు బేరం పెట్టిన. మొన్ననే ఆ బేరం ఇడిసిపెట్టిన."

మునీర్ సాబ్ డేరా తాళ్లను ఎన్నడూ చూడనట్టు చూస్తున్నాడు.

"గీ ముచ్చట నాకెందుకు చెప్పలే?" అంది సలీమా ఆయనతో.

"నువ్వెన్నడన్న నాకు ఫోన్ చేసినవా? ఎప్పుడు చూడు పక్కనే ఉండి లొల్లి పెడితివి."

సలీమా కొంగులోంచి ఫోన్ తీసింది. "బేటా సంపత్, నాకు గూడ ఆ పాట ఒకటి అమ్ము. మా అక్కకు వేరేగ ఇంకొకటి. ఇంట్ల ఉన్నది అడిగితే ఈయన నాకు గూడ కొనుక్కోమంటడు!"