అత్త సైకిల్‌కు రబ్బరు మెడ

మొన్న మా అమ్మాయికి సైకిల్ కొందామని చంద్రపూర్‌లో కొత్తగా తెరిచిన పెద్ద దుకాణానికి వెళ్ళాము. అక్కడి సేల్స్‌మన్ ఒక ఖరీదైన సైకిల్ హ్యాండిల్ మీద రెండు చేతులూ ఆనించి కిందికి నొక్కాడు. హ్యాండిల్ వేలెడంత దిగి మెల్లగా మళ్ళీ లేచింది. "సస్పెన్షన్ స్టెమ్ అంటారు మేడమ్, గుంతల దెబ్బ చేతులకు తగలదు, ఇప్పుడిప్పుడే వస్తోంది" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. అలాంటిది మా ఇంటి వసారాలోకి ముప్పై ఏళ్ళ కిందటే వచ్చింది. వచ్చి, చాలా రోజులపాటు మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించకుండా చేసింది.

మా బాపుకు చంద్రపూర్ బజారులోనే గిన్నెల దుకాణం ఉండేది. దేశం తలుపులు తెరిచారని పేపర్లు రాస్తున్న కాలం అది. ఆ తలుపుల్లోంచి ఏది వచ్చినా బాపు ముందు దాన్ని అనుమానించేవాడు. కేబుల్ తీగ ఇంట్లోకి వస్తే మన మాటలు బయటికి పోతాయేమోనని ఆయన భయం. అడుగంటని పెనం చూసి, "అంటుకోదంటే అండ్ల ఏదో కల్తీ ఉన్నట్టే" అని తన దుకాణంలోకి రానివ్వలేదు. బేరానికి వచ్చినవాళ్ళు బోర్లించి చూసే గిన్నెను, వాళ్ళు పోయాక మళ్ళీ తాను బోర్లించి చూసేవాడు. చెడ్డవాడు కాదు. ఎవరైనా ఏదైనా ఊరికే చేస్తారంటే మాత్రం ఆయనకు మింగుడు పడేది కాదు.

అత్త బాపుకు ఒక్కగానొక్క చెల్లెలు. పెళ్ళయిన ఏడాదికే ఆ సంబంధం తెగిపోయి మా ఇంటికి వచ్చేసింది. పట్టుబట్టి చదువుకుని పక్కూరు విసాపూర్‌లో మరాఠీ బడి టీచరయింది. బాపు ఆ ఉద్యోగానికి సగం మనసుతోనే ఒప్పుకున్నాడు. "ఏ కొంచెం ఇబ్బందైనా మానెయ్యాలె" అన్నది ఆయన షరతు. బస్సు వేళలు బడి వేళలకు కుదరక అత్త లేడీస్ సైకిల్ మీద వెళ్ళివచ్చేది. బొగ్గు లారీలు తిరిగి తిరిగి ఆ రోడ్డును గుల్ల చేసి పెట్టాయి. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అత్త కనుబొమల మీద కూడా నల్లటి దుమ్ము ఉండేది. మొహం కడుక్కుంటే లోపలి మనిషి బయటికి వచ్చినట్టు ఉండేది.

ఒక సాయంత్రం ఆమె సైకిల్ వేరుగా కనిపించింది. హ్యాండిల్‌ను ముందు ఫోర్కుకు కలిపే ఇనుప మెడ రెండు ముక్కలై, మధ్యలో తలుపు బందులాంటి మడత వచ్చింది. దాని కింద నల్లటి రబ్బరు దిమ్మ ఒకటి బిగించి ఉంది. బాపు దుకాణం నుంచి వచ్చి చెప్పులు కూడా విడవకుండా దాని ముందు నిలబడ్డాడు.

"ఇదేంది?"

"దెబ్బ తగలకుంట అన్నా. మా బడిల సదివే పిల్ల నాయిన ఫిట్టరు. ఆయన జేసిచ్చిండు."

"ఊకెనే ఇచ్చిండా?"

"ఊకెనే."

ఆ 'ఊకెనే'తోనే అంతా మొదలైంది. పరాయి మగవాడు, ఒంటరి ఆడమనిషికి, అడగకుండానే, అంత ఓపికగా ఇనుము కోసి వస్తువు ఎందుకు చేసిస్తాడు? ఈ ప్రశ్న బాపు అమ్మను అడిగాడు, గోడను అడిగాడు, అత్తను మాత్రం అడగలేదు. బదులుగా నన్ను పిలిచి అత్త బడి సంచి చూడమన్నాడు. నేను పదో తరగతిలో ఉన్నాను. సిగ్గు లేకుండా చూశాను కూడా. సుద్దముక్కలు, దిద్దాల్సిన నోటుబుక్కులు, సగం అయిపోయిన నొప్పుల బామ్ డబ్బా ఉన్నాయి. "చిట్టీలేం లేవు బాపు" అని చెప్పాను. బామ్ సంగతి చెప్పలేదు. ఆయన వెతుకుతున్నది అది కాదు కదా.

నిజం చెప్పాలంటే అనుమానం నాకూ అంటుకుంది. అత్త జడ వేసుకునేటప్పుడు ఏదో పాట తీస్తే ఎవరి కోసమా అనుకునేదాన్ని. ఆమె గదిలోకి వస్తే అమ్మా నేనూ మాట ఆపేసేవాళ్ళం. అత్తకు అన్నీ తెలుస్తూనే ఉన్నాయి. పళ్ళెంలో అన్నం కెలుకుతూ కూర్చుని లేచిపోయేది. చివరికి ఒక శనివారం బాపు పానా తెచ్చి ఆ మెడను ఊడదీసి, అటక మీది పాతదాన్ని బిగించేశాడు.

"నడుమల ఇరిగితే లారీ కింద పడ్తవు. గింత దూరానికి గివన్ని ఎందుకు?"

అత్త గుమ్మంలో నిలబడి చాలా నెమ్మదిగా అడిగింది. "నువ్వు ఎన్నడన్న ఆ తొవ్వల తొక్కినవా అన్నా?"

మర్నాడు పొద్దున్నే బాపు ఊడదీసిన మెడను పేపర్లో చుట్టి నా చేతికిచ్చాడు. దాన్ని ఆ ఫిట్టరు మొహాన కొట్టి, వాడెవడో చూసి, ఆ దారికి ఈ రబ్బరు మెడ అక్కర్లేదని తానే తొక్కి రుజువు చేసి రావాలని ఆయన పట్టుదల. స్కూటర్ ఉండగా అత్త లేడీస్ సైకిల్ తీశాడు. వెనక క్యారియర్ మీద నేను ఎక్కాను. ఊరు దాటేవరకు బాపు ఏవో చెబుతూనే ఉన్నాడు. గుంతలు మొదలయ్యాక మాట తగ్గింది. సగం దూరంలో ఆగి, ఒక చేయి విదిలించాడు, తర్వాత రెండోది. "గొలుసు జూస్తున్న" అన్నాడు. గొలుసు వైపు మాత్రం చూడలేదు.

ఫిట్టరు ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. మా బాపు కంటే పెద్దవాడు, బట్టతల. ఆయన భార్య చెంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి, అత్త సైకిల్‌ను గుర్తుపట్టి, "బాయి అన్ననా? కూసోండ్రి సేఠ్" అని చాయ్ తెచ్చింది. అక్కడ టీచరమ్మను బాయి అంటారు. బాపు గ్లాసు అందుకున్నాడు. వేళ్ళకు పట్టు దొరకలేదు. చాయ్ సగం ధోవతి మీద ఒలికింది.

"తిమ్మిరెక్కినయా సేఠ్?" అన్నాడు ఫిట్టరు. "నేను ఏండ్లకొద్ది డ్రిల్లు మిషను పట్టిన. నా చేతులు గిట్లనే అయినయ్. పొద్దుగాల గుండీలు పెట్టుకోరాదు."

"మా చెల్లె నిన్ను అడిగిందా?" బాపు గొంతులో అనుమానం ఇంకా పోలేదు.

ఫిట్టరు లోపలికి వెళ్ళి కూతురి నోటుబుక్కు తెచ్చాడు. బడి తెరిచినప్పటి పేజీలో ఎర్రసిరాతో అత్త రాసిన అక్షరాలు అచ్చువేసినట్టున్నాయి. పేజీలు తిప్పుతూ పోతే అవి వంకర్లు పోయాయి. చివరి పేజీల్లో టిక్కు గీతలు కూడా వణికాయి. "బాయి ఏం అడుగలేదు. నేనే జూసిన. చేతులు పని జేస్తలేవని అన్నకు తెలిస్తే నౌకరి మాన్పిస్తడు, ఎవలకు జెప్పకుండ్రి అన్నది."

బాపు ఆ పేజీలను ముందుకూ వెనక్కూ తిప్పుతూ చాలాసేపు కూర్చున్నాడు. రోజూ రాత్రి అన్నాల దగ్గర ఎదురుగా కూర్చునే చెల్లెలి చేతులవి. పేపర్లో చుట్టిన మెడను ఆయనే విప్పి, "జర దీన్ని బిగించియ్యరాదా" అన్నాడు. ఆ మాట అనడం ఆయనకు ఎంత కష్టమైందో నాకు తెలుసు. మా ఇంట్లో ఎవరినీ ఏదీ బతిమాలి ఎరగడు.

ఇంటికి వచ్చేసరికి అత్త అంట్లు తోముతోంది. తల ఎత్తలేదు. బాపు సైకిల్‌ను స్టాండ్ వేసి, కాసేపు అటూ ఇటూ తిరిగి, "ఆ రబ్బరు ఎండకు పలుగుతదట. అప్పుడప్పుడు మార్వాలె. నేను మార్పిస్త" అన్నాడు. తర్వాత గోడ వైపు తిరిగి, "నౌకరి మాన్పిస్తనని ఎవలన్నరు?" అన్నాడు. అత్త బూడిద చేతులతోనే మొహం కప్పుకుంది. ఆమె ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

అనుమానం ఆయన్ను పూర్తిగా వదిలిందని చెప్పను. అత్త రిటైరయ్యేదాకా రోజూ పొద్దున ఆమె బయలుదేరే ముందు వసారాలోకి వచ్చి, ఆ హ్యాండిల్‌ను రెండు చేతులతో నొక్కి చూసి గానీ వెళ్ళనిచ్చేవాడు కాదు. అత్త కూడా తొందరపడకుండా సంచి పట్టుకుని పక్కన నిలబడేది. ఇప్పుడు ఇద్దరూ లేరు. వాళ్ళు కలిసి గడిపిన అన్ని సంవత్సరాల్లోంచి నాకు మిగిలినవి పొద్దుటి ఆ నిమిషాలే. అప్పుడు మాత్రం, అత్తకు బడికి ఆలస్యమవుతోందని నేనే వాళ్ళను తొందరపెట్టేదాన్ని.